మా ఆవిడ గమనిస్తోంది

మా ఆవిడ నన్ను తిట్టడం మానేసింది. శుభవార్త అనుకుని అభినందించడానికి ఎవరూ ఫోన్ చెయ్యొద్దని ముందే మనవి. ఇది ఫిర్యాదు. పెళ్లయిన నాటినుంచి మొన్నమొన్నటి దాకా మా ఇంట్లో తిట్లకు లోటు లేదు. తడి తువ్వాలు మంచం మీద పడేస్తే ఒకటి, పాలు పొంగిస్తే ఒకటి, కరెంటు బిల్లు గడువు దాటిస్తే రెండు. తిట్టేసి ఆవిడ తన పనిలో పడేది, తినేసి నేను నా పేపర్లో పడేవాణ్ణి. బ్యాంకు కౌంటర్లో లాగా ఏ రోజు లెక్క ఆ రోజే సరిపోయేది, మర్నాటికి బాకీ మిగిలేది కాదు.

ఇప్పుడలా కాదు. తువ్వాలు మంచం మీద ఉండటం చూస్తుంది. ఏమీ అనదు. చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంటుంది. ఏం రాసిందో అడిగితే "గమనించాను, అంతే" అంటుంది. తిట్టిన భార్యతో కాపురం చెయ్యొచ్చు. గమనించే భార్యతో ఎలా చెయ్యాలో పెద్దలెవరూ నాకు చెప్పలేదు.

దీనికి కారణం ఆవిడ ఉద్యోగం. ఇరవై ఏళ్ల పైచిలుకు లెక్కల టీచరుగా చాక్‌పీసు పొడి పీల్చాక వాళ్ల యాజమాన్యం ఆవిణ్ణి 'అకడమిక్ హెడ్' చేసింది. ఒక బడికి కాదు, పద్నాలుగు బ్రాంచీలకు. ఇటు సత్తెనపల్లి నుంచి అటు ఒంగోలు దాకా. బడి పేరు చెప్పను. ఆ పేరు మీకు ప్రతి రెండో ఆటో వెనకాల కనిపిస్తూనే ఉంటుంది, ర్యాంకుల పిల్లల పాస్‌పోర్టు ఫొటోల కింద. ఆవిడ చేసే పనేమిటో బంధువులకు చెప్పడం నా వల్ల కాని పని అయింది. "ప్రిన్సిపాలా?" కాదు. "ఇన్‌స్పెక్టరా?" అంతకంటే కాదు, ఆ మాటంటే ఆవిడకు కోపం. "మరేం చేస్తుంది నాయనా?" క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుంటుంది పిన్నీ. ఆ సమాధానం విన్న పిన్ని జాలిగా నా చెయ్యి పట్టుకుంది. చదువుకున్న పిల్లకు ఈ వయసులో ఇదేం శిక్ష అని ఆవిడ బాధ.

నాకు అర్థమైనంత మేర చెబుతాను. రాత్రి పూట ఆవిడ ఫోన్లు వినీ వినీ నాకూ సగం ఉద్యోగం వచ్చేసింది. పద్నాలుగు బ్రాంచీలు, ఒకటే పుస్తకం, ఒకటే టై, ఒకటే ప్రార్థన. కానీ ఏ బ్రాంచికి ఆ ప్రిన్సిపాలే రాజు. ఒక రాజుగారు డిసెంబరుకే సిలబస్ ముగించి, నాలుగు నెలలు రివిజన్ పేరుతో పిల్లల చేత రాయించిందే రాయిస్తారు. ఇంకో రాజుగారు ఫిబ్రవరిలో కూడా తొమ్మిదో పాఠం దగ్గర తీరిగ్గా ఉంటారు. నరసరావుపేటలో అయిదో తరగతి పిల్ల భాగాహారం గబగబా చేస్తుంది, బాపట్లలో అదే తరగతి పిల్లాడు తీసివేతలో పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడానికే మొహమాటపడతాడు. దీనికి పాత మందు ఒకటే, పరీక్ష. స్లిప్ టెస్టు, వారాంతపు టెస్టు, ఎఫ్‌ఏ, ఎస్‌ఏ. మార్కులు రాకపోతే ఇంకో పరీక్ష. వచ్చిన మార్కులు తల్లిదండ్రులకు మెసేజీ కొట్టడం, వాళ్లు పిల్లాణ్ణి కొట్టడం.

మా ఆవిడ వచ్చాక మొదట చేసిన పని ఆ జవాబు పత్రాల్ని మార్కుల కోసం కాకుండా తప్పుల కోసం చదవడం. మా భోజనాల బల్ల మీద ఒక నెల పాటు కంచాలకు చోటు లేదు. ఒకరోజు రాత్రి కళ్లజోడు పైకెత్తి, "ఇది చూడండి" అంది. సగానికి మూడో వంతు కలపమంటే ఒక బ్రాంచిలో తరగతి తరగతంతా అయిదింట రెండు అని రాసింది. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేశారు. "వీళ్లకు లెక్క రాదనుకున్నాం. రాకపోతే ఒక్కొక్కరు ఒక్కో తప్పు చేస్తారు. అందరూ ఒకే తప్పు చేశారంటే ఎవరో శ్రద్ధగా నేర్పారన్నమాట" అంది. నాకా మాట నచ్చింది. ఆ మాట అంటూ కంచం నా ఒళ్లో పెట్టుకుని తినమనడం నచ్చలేదు.

అక్కణ్ణుంచి ఆవిడ వ్యూహం తయారైంది. బ్రాంచీలన్నిటికీ ఒకే వార్షిక ప్రణాళిక. ఏ పాఠం ఎన్ని పీరియడ్లు, ఏది తప్పనిసరి, ఏది కుదిరితేనే. పరీక్ష అయిన వారంలో టీచర్లందరూ కూర్చుని ఏ తప్పు ఎందుకొచ్చిందో మాట్లాడుకోవడం. వీటికంటే ముఖ్యం, టీచర్లకు కోచింగ్. మన ఊళ్లో కోచింగ్ అంటే ఇంటర్ పిల్లలకు తెల్లవారుజామున పెట్టేది. ఇది టీచర్లకు. కోచ్ అనే మనిషి క్లాసులో చివర పదిహేను నిమిషాలు కూర్చుంటుంది. సాయంత్రం ఆ టీచరుతో మాట్లాడుతుంది. నలభై లోపాలు కనపడినా ఒక్కటే చెబుతుంది, అదీ వారంలో సరిచేసుకోగలిగినంత చిన్నది. చెప్పి ఊరుకోదు, పిల్లలు వెళ్లిపోయిన ఖాళీ క్లాసులో అప్పటికప్పుడు చేయిస్తుంది. వచ్చేవారం మళ్లీ వచ్చి చూస్తుంది. ఇది మా ఆవిడ సొంత కవిత్వం కాదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం నెవార్క్‌లో బడులు నడిపిన పాల్ బాంబ్రిక్-శాంటోయో అనే ఆయన ఈ పద్ధతి మీద పుస్తకాలకు పుస్తకాలు రాశాడు. 2012లో ఒకటి, 2016లో ఒకటి. నా సంసారం ఎవరివల్ల ఇలా అయిందో తెలియాలి కదా, అందుకని పేరు కనుక్కున్నాను.

ఇదంతా బడి గడప లోపల ఉన్నంత వరకు నాకే అభ్యంతరమూ లేదు.

మొదటి దెబ్బ కాఫీ దగ్గర తగిలింది. రిటైరయ్యాక పొద్దుటి కాఫీ నా శాఖ. ఒక ఆదివారం ఆవిడ వంటింట్లో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంది. "ఏంటి?" అన్నాను. "ఏం లేదండీ, మీ పని మీరు చేసుకోండి. నేను లేననుకోండి" అంది. ఇన్నేళ్ల కాపురంలో నేను విన్న అతి భయంకరమైన వాక్యం అదే. ఫిల్టర్లో పొడి వేశాను. మరిగిన నీళ్లు పోశాను. పాలు పొంగించాను. పొంగిన పాలను గిన్నెలు తుడిచే గుడ్డతో తుడిచాను. చక్కెర డబ్బా మూత తీసి దాన్ని తన మానాన వదిలేశాను. చేతిలో చెంచాతో బూస్టు సీసా మూత గీకాను, ఎందుకో నాకే తెలీదు. వెనకాల కలం గరగరమని నడుస్తూనే ఉంది.

కాఫీ తాగాక నోటుబుక్కు తెరిచింది. "రెండు బాగున్నాయి. నీళ్లు మరిగాక ఆలస్యం చెయ్యకుండా పోశారు. గ్లాసులు ముందే కడిగి పెట్టుకున్నారు. రేపటికి ఒక్కటే చూసుకుందాం. పొడిని బిళ్లతో కొంచెం అదిమి, నీళ్లు ఒకేసారి కాకుండా మెల్లిగా పోద్దాం."

"అంతేనా?"

"అంతే."

"పాల గుడ్డ? చక్కెర డబ్బా?"

"అవి తర్వాత."

తర్వాత! అంటే అన్నీ చూసింది. అన్నీ రాసుకుంది. పాతకాలంలో అయితే నలభై తప్పులూ ఒక్క విడతలో విని చెవులు దులుపుకునేవాణ్ణి. ఇప్పుడవి వారానికొకటి చొప్పున రావాలి. ఉజ్జాయింపుగా లెక్కేశాను, వచ్చే ఉగాది దాకా నాకు విడుదల లేదు.

అంతటితో వదల్లేదు. "ఒకసారి చేసి చూపించండి" అంది. పొడి అయిపోయిందన్నాను. "ఉత్తి ఫిల్టరుతోనే. మా టీచర్లు ఖాళీ బెంచీలకు పాఠం చెప్పి చూపిస్తారు, మీకేమైంది?" ఒక జాతీయ బ్యాంకు శాఖకు మేనేజరుగా చేసి, పత్తి మిల్లుల రుణాల మీద సంతకాలు పెట్టిన చేత్తో, పొడి లేని ఫిల్టర్లో నీళ్లు లేని గిన్నెతో నీళ్లు పోసినట్టు అభినయించాను. పనిమనిషి గుమ్మంలో నిలబడి చూసింది. ఆ రోజు నుంచి ఆవిడ నాతో కాస్త దయగా మాట్లాడుతోంది.

ఇందులో అసలు అన్యాయం మర్నాడు జరిగింది. డికాక్షన్ చిక్కగా దిగింది. ఫిర్యాదులో ఇలాంటి వాక్యం ఉండకూడదని నాకు తెలుసు, వకీలైతే కొట్టేస్తాడు. కానీ బాధ అక్కడే ఉంది. పద్ధతి పనికిరానిదైతే నాలుగు రోజులు నవ్వుకుని ఊరుకునేవాణ్ణి.

రెండోది ఇంకా ప్రమాదకరమైనది. ఆవిడ ప్రశ్న అడిగి ఆగుతోంది. పూర్వం "గ్యాస్ బుక్ చేశారా? చేసి ఉండరు, నాకు తెలుసు" అని ప్రశ్నా జవాబూ ఆవిడే చెప్పుకునేది. మధ్యలో నా పాత్ర తల ఊపడం. ఇప్పుడు "గ్యాస్ బుక్ చేశారా?" అని నావైపు చూస్తూ నిలబడుతుంది. మొహంలో కోపం లేదు. ఏమీ లేదు. గోడ గడియారం టిక్కుమంటుంది. ఆ మౌనంలో మనిషి నోట్లోంచి అడగనివి కూడా వచ్చేస్తాయని నాకు అప్పటిదాకా తెలీదు. గ్యాస్ బుక్ చెయ్యలేదని చెప్పాను. ఆగింది. పోయిన నెల బీమా కిస్తీ కూడా కట్టలేదని చెప్పాను. ఇంకా ఆగింది. మా తమ్ముడికి ఇచ్చిన అప్పు సంగతి చెప్పాను.

దీని వెనకా ఒకరున్నారు. మేరీ బడ్ రో అనే అమెరికన్ సైన్సు విద్యావేత్త. 1970ల్లో ఆవిడ తరగతి గదుల్లో రికార్డింగులు తీసి చూస్తే, టీచరు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదట. పిల్లాడు నోరు తెరిచేలోపు ఇంకొకణ్ణి లేపడమో తనే జవాబు చెప్పెయ్యడమో జరుగుతోంది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, 'తెలీదు' అనేవాళ్లు తగ్గారు, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు మాట్లాడారు. మూడంటే మూడు సెకన్లు. రూపాయి ఖర్చు లేదు. మా ఆవిడ పద్నాలుగు బ్రాంచీల్లో చూసింది కూడా అదే. "అయిదో ఎక్కం ఎవరు చెబుతారు?" అని అడిగి మొదటి బెంచీలో చెయ్యెత్తిన అదే పిల్లను లేపడం, ఆ పిల్ల చెప్పడం, క్లాసంతా వచ్చేసిందనుకోవడం. చివరి బెంచీ మీద కూర్చుంటే కదా ఆ బెంచీ వాళ్లు నోరు కదపకుండానే సంవత్సరం గడుపుతున్నారని తెలిసేది. కాబట్టి ఆ పద్ధతి మంచిదే. తొమ్మిదేళ్ల పిల్లల మీద వాడటానికి మంచిది. పెన్షనర్ల మీద వాడకుండా చట్టం ఉండాలి.

మా అమ్మ సంగతి కూడా చెప్పాలి. ఎనభై దాటింది. ఈ ఇంట్లో తప్పులు పట్టే శాఖ నలభై ఏళ్లుగా ఆవిడది. ఆవిడ పద్ధతి పాత డిప్యూటీ ఇన్‌స్పెక్టరు పద్ధతి. ముందు చెప్పకుండా రావడం, అన్నీ ఒకేసారి చూడటం, అన్నీ ఒకేసారి చెప్పడం, వీలైతే నలుగురి ముందు. కొత్తకోడలుగా మా ఆవిడ చేసిన మొదటి పులిహోర మీద అమ్మ ఇచ్చిన నివేదిక వీధి చివర రేషన్ షాపు దాకా వెళ్లింది. మా ఆవిడ ఈరోజుకీ చింతపండు పులుసు పట్టాలంటే జంకుతుంది. "అదేనండీ నేను మా కోచ్‌లకు చెప్పేది. ఆ రోజు అత్తయ్యగారు ఒక్క ఉప్పు సంగతి చెప్పి ఊరుకుని ఉంటే ఈపాటికి నాకు పులిహోర వచ్చేది" అంది నాతో, మెల్లిగా. అమ్మకు వినిపించింది. ఆవిడకు వినిపించకూడనివే వినిపిస్తాయి. "ఇప్పుడు చెబుతా, నేర్చుకో" అని లేచింది. కోచింగ్ ఎటునుంచి ఎటు జరిగిందో నేను చెప్పలేను. మొత్తానికి ఆ వారం మూడు పూటలు పులిహోర తిన్నాం, మూడోసారిది తినేలా ఉంది.

అన్నట్టు, ఇదేదో అమెరికా నుంచి మొన్న దిగిన సరుకని అనుకోవద్దు. మా అన్నయ్య మండల పరిషత్ బడిలో ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాడు. ఆయన్ను కదిపితే చాలు, 1980ల్లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం దగ్గర మొదలెడతాడు. ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టారు, ఒకరి పాఠం ఒకరు చూడాలన్నారు, పిల్లల చేత చేయించాలన్నారు. దానికి ముందే, 1964-66 నాటి కొఠారి కమిషన్ పది బడుల్ని కలిపి ఒక సముదాయంగా నడపమంది, వాటినే ఇప్పటికీ స్కూల్ కాంప్లెక్సులంటున్నాం. 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ ఆ మాటే చెప్పి, టీచరుకు ఏడాదికి యాభై గంటల శిక్షణ ఉండాలని చేర్చింది. కాంప్లెక్సు మీటింగంటే ఒకరు మోడల్ లెసన్ చెబుతారు, మిగతావాళ్లు చూస్తారు, టీ తాగుతారు. అన్నయ్య అభిప్రాయంలో అందులో టీ ఎప్పుడూ నాగా పడలేదు.

బడికి వెళ్లి టీచరు పక్కన కూర్చోవలసిన మనుషులనూ నియమించారు. తెలంగాణలో సీఆర్‌పీ అంటారు, ఇక్కడ సీఆర్‌ఎంటీ. ఖమ్మం జిల్లాలో టీచరుగా ఉన్న మా మరదలు చెబుతుంది, 2022లో అక్కడ 'తొలిమెట్టు' మొదలైనప్పుడు ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చదవడం, రాయడం, నాలుగు లెక్కలు తప్ప ఇంకేదీ ముఖ్యం కాదన్నారట, అది విని ప్రాణం లేచొచ్చిందట. కానీ పక్కన కూర్చోవలసిన మనిషికి ఏ రోజు ఏ పని పడుతుందో చెప్పలేం. యూడైస్ లెక్కలు, గుడ్ల లెక్కలు, ఎంతమంది భోంచేశారు, యాప్‌లో ఫొటో ఎక్కిందా లేదా. లెక్కలు తీసుకుని వెళ్లిపోయేవాడికి పాఠం వినే తీరికెక్కడిది? ఇది వినగానే నేను మా ఆవిడతో "మీ ప్రైవేటు వాళ్లు నయం" అన్నాను. ఆవిడ ఆగింది, మూడు సెకన్లు. నేనే ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ఎందుకంటే ఆవిడ బాధలు నాకు తెలుసు. ఆవిడ కింద కోచ్‌లు నలుగురు. బ్రాంచీలు పద్నాలుగు. బ్రాంచికి పాతికమంది టీచర్లనుకున్నా మూడొందల యాభై. తలకు దాదాపు తొంభై. రోజుకు నలుగురి క్లాసులు చూసి, నలుగురితో సాయంత్రం కూర్చుంటే ఒక చుట్టు పూర్తవడానికి దాదాపు నెల పడుతుంది. "వచ్చేవారం మళ్లీ వస్తాను" అన్న మాట వచ్చేనెల, ఆపైన వచ్చే టర్మ్ అవుతుంది. ఈ లెక్క నేను క్యాలెండరు కాయితం వెనక వేసి చూపించాను. బ్యాంకులో నాలుగు దశాబ్దాలు అంకెలతో బతికినవాణ్ణి, ఒక్కసారైనా ఆవిడ మీద గెలవాలని. "అవునండీ, నిజమే. మీరైతే ఏం చేస్తారు?" అంది.

పాఠకులు గమనించాలి. ఆ ప్రశ్న వల. ఆ ప్రశ్న వేస్తే అవతలివాడు తనే జవాబు వెతుక్కుంటాడు, వెతుక్కున్న జవాబుకు తనే బానిసవుతాడు. కోచింగ్ శాస్త్రంలో అది మొదటి పాఠం. నాకది తెలిసీ పడ్డాను.

ఆ రాత్రి నుంచి నేను ఆ బడులకు జీతం లేని ఉద్యోగిని. ఎక్సెల్ షీటు తెరిచాను. ఇంటర్‌నెట్‌లో పరిశోధనలు వెతికాను. 2018లో మాథ్యూ క్రాఫ్ట్, డేవిడ్ బ్లేజర్, డిలన్ హోగన్ అనే ముగ్గురు టీచర్ల కోచింగ్ మీద 60 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. బోధన తీరులో మెరుగుదల 0.49 ప్రమాణ విచలనం, పిల్లల మార్కుల్లో 0.18. మొదటి అంకె చూసి మా ఆవిడ యాజమాన్యం చప్పట్లు కొట్టింది, రెండోది చూసి మొహం ముడుచుకుంది. నేను వాళ్లకు విడమర్చి కాయితం రాసిచ్చాను. నూరుమంది పిల్లల్ని మార్కుల వరసలో నిలబెడితే మధ్యలో యాభయ్యో చోట ఉన్నవాడు యాభై ఏడో చోటికి జరుగుతాడు. ఆటో వెనక ఫొటో వేయించుకునేంత జరుగుడు కాదు. కానీ పద్నాలుగు బ్రాంచీల్లో మధ్యలో నిలబడ్డ పిల్లలందరూ ఏడేసి అడుగులు ముందుకు జరగడం, ఆ ఫొటోలోని ఒక్క పిల్లాడి కంటే పెద్ద సంగతి అని నా అభిప్రాయం. ఈ అభిప్రాయానికి ఆటోల మీద చోటు లేదు.

అదే పరిశోధనలో ఇంకో మాట ఉంది, మా ఆవిడ దాని కింద ఎర్రగీత గీసింది. కోచింగ్ కొద్దిమంది టీచర్లతో చేసినప్పుడు వచ్చిన ఫలితం, వందల మందికి పరిచినప్పుడు బాగా పలచబడింది. దక్షిణాఫ్రికాలో నార్త్ వెస్ట్ రాష్ట్రంలో కూడా ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపు టీచర్లను ఒకచోట పోగుచేసి శిక్షణ ఇచ్చారు, ఇంకో గుంపుకు కోచ్‌లను బడికే పంపారు. పాఠాలు అవే, పుస్తకాలు అవే. పిల్లల చదువులో మొదటి గుంపుకు 0.12, రెండో గుంపుకు 0.24. హోటల్ హాల్లో బిర్యానీ పెట్టి ఇచ్చే శిక్షణ కంటే బడికి బస్సెక్కి వెళ్లిన మనిషి రెండింతలు పనికొచ్చాడన్నమాట. ఖర్చు ఎక్కువే, కానీ ఆ ఖర్చుకు తగిన ఫలితం కూడా అక్కడే ఎక్కువ.

కాబట్టి నేను వేసిన పథకం ఇది. పద్నాలుగూ వద్దు, ఆరు బ్రాంచీలు చాలు. అన్ని సబ్జెక్టులూ వద్దు. మూడు నుంచి అయిదో తరగతి దాకా లెక్కలు, తెలుగు చదవడం. రెండేళ్లు. కోచ్ ప్రతివారం అదే టీచరు దగ్గరికి వెళ్లాలి. ఫారం అరపేజీ దాటకూడదు. పైవాళ్లు ఎక్కడినుంచో తెచ్చిన ఫారంలో నాలుగు విభాగాలు, ఇరవై రెండు అంశాలు ఉన్నాయి. 1996లో షార్లెట్ డేనియల్‌సన్ అనే ఆవిడ రూపొందించిన చట్రం నుంచి దింపుకున్నది. మంచి చట్రమే. కానీ ఇరవై రెండు గడులు నింపే మనిషి క్లాసు వైపు ఎప్పుడు చూస్తుంది? వ్యూహమంటే ఏం చెయ్యాలో రాసుకోవడం అనుకుంటారు అందరూ. ఏం చెయ్యకూడదో రాసి, దాని కింద యజమాని చేత సంతకం పెట్టించడం అసలు కష్టం. రుణాల దరఖాస్తులు తిరగ్గొట్టిన అనుభవంతో చెబుతున్నాను.

మా ఆవిడ దాన్ని పదిహేను స్లైడ్లు చేసి సమర్పించింది. యాజమాన్యం ఎంతో మెచ్చుకుంది. మెచ్చుకుని, అద్భుతంగా ఉంది కాబట్టి పద్నాలుగు బ్రాంచీల్లోనూ, అన్ని తరగతుల్లోనూ, వెంటనే మొదలుపెట్టమంది. జూన్‌లో రెండు కొత్త బ్రాంచీలు కూడా వస్తున్నాయట. కోచ్‌లు నలుగురే.

ఆవిడ ఆ రాత్రి ఏమీ తినలేదు. నేను ఒక మంచి మాట చెబుదామని "రెండు బాగున్నాయి..." అని మొదలెట్టాను. చూసిన చూపుకు మిగతాది మింగేశాను. ఆవిడ తనకు తానుగా ఆరు బ్రాంచీలు ఎంచుకుంది. మిగతావాటికి ఫారాలు పంపుతుంది, అవి నిండి వస్తాయి, బీరువాలో పడతాయి. ఆరింటికి మాత్రం కోచ్‌లు నిజంగా వెళ్తారు. ఈ సంగతి నేను ఎక్కడా చెప్పకూడదు. ఎక్కడా చెప్పలేదు కూడా, ఇక్కడ తప్ప.

ఆ ఆరింటిలోనూ సుఖం లేదు. తెనాలిలో ఒక చిన్న టీచరు, డీఎడ్ చేసిన పిల్ల, క్లాసు మొదలవగానే కేకలు వెయ్యకుండా పిల్లల్ని పనిలో పెట్టడం నేర్చుకుంది. తర్వాత తప్పు జవాబు చెప్పినవాణ్ణి కూర్చోమనకుండా "ఎలా చేశావో చెప్పు" అనడం నేర్చుకుంది. భిన్నాల్లో అయిదింట రెండు మాయమైంది. మా ఆవిడ ఆ టీచరు క్లాసు వీడియో ఇంట్లో టీవీలో పెట్టి మా అమ్మకు కూడా చూపించింది. దసరా సెలవులయ్యాక ఆ అమ్మాయి రాలేదు. రోడ్డుకు అవతల ఇంకో బడి రెండువేలు ఎక్కువిచ్చింది. నేర్పిన నేర్పంతా రోడ్డు దాటి వెళ్లిపోయింది. ఆ పిల్ల తప్పేం లేదు, రెండువేలంటే ఇంటద్దెలో సగం. ఎన్ని స్లైడ్లు వేసినా ఆ రెండువేల స్లైడు మాత్రం ఏ వ్యూహంలోనూ కనపడదు. ఎవరైనా యజమానులు ఈ వ్యాసం పొరపాటున చదువుతుంటే ఈ వాక్యం దగ్గర మూడు సెకన్లు ఆగవలసిందిగా ప్రార్థన.

ఈలోగా ఇంట్లో నా పరిస్థితి ముదిరింది. పిండివంటలకు వార్షిక ప్రణాళిక వచ్చింది. సంక్రాంతికి అల్లుడు వచ్చే రోజు దగ్గర మొదలెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలట. అరిసెలకు బియ్యం నానబోసే రోజు, బెల్లం కొనే రోజు, నేను బెల్లం కొనడం మరిచిపోయే రోజు కూడా అందులో ఉంది, దానికి ఒకరోజు అదనంగా కేటాయించింది. రాత్రి భోజనమయ్యాక చీటీ మీద ఈ పూట ఏం నేర్చుకున్నామో ఒక్క వాక్యం రాసివ్వాలని బెంగుళూరు నుంచి వచ్చిన మా అమ్మాయిని కూడా అడిగింది. అది "వంకాయ వద్దు" అని రాసింది. నేను కొంత ధైర్యం చేసి "తిట్లు కావాలి" అని రాశాను. నా చీటీని ఆవిడ ఫైల్లో పెట్టుకుంది.

ఇక మే నెల వచ్చింది. మే నెలలో ఈ రాష్ట్రంలో విద్యావ్యూహం అంటూ ఏదీ ఉండదు. అడ్మిషన్లు ఉంటాయి. ప్రిన్సిపాలు, టీచరు, ఆయా, కోచ్ అని తేడా లేకుండా అందరి చేతుల్లో కరపత్రాలు, అందరికీ టార్గెట్లు. ఎన్నికల ప్రచారంలా సందు సందూ తిరగాలి. మధ్యాహ్నం రెండున్నరకు, తారు రోడ్డు మెత్తబడే ఎండలో, మా తలుపు తట్టిన అమ్మాయి మా ఆవిడ కింద పనిచేసే లెక్కల కోచ్ అని నాకు ఆ క్షణంలో తెలీదు. ఇది మేడం ఇల్లని ఆ పిల్లకూ తెలీదు. ముక్కు మీద కర్చీఫు, చేతిలో గొడుగు, చంకలో కరపత్రాలు.

"అంకుల్, మీ ఇంట్లో ఎల్‌కేజీకి పిల్లలెవరైనా ఉన్నారా?"

"నేనున్నా రా తల్లీ, కూర్చో" అంది లోపల్నుంచి మా అమ్మ.

ఫ్యాను కింద కూర్చోబెట్టి మజ్జిగ కలిపి తెచ్చాను. అల్లం దంచి, కరివేపాకు తుంచి వేసి, నిండు గ్లాసు. ఒక్క గుక్కలో సగం తాగింది. ఊపిరి పీల్చుకుంది. గోడ మీద మా ఆవిడ ఫొటో చూసి గతుక్కుమంది, లేచి నిలబడబోయింది, కూర్చోమన్నాను. మిగతా సగం తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది.

"చాలా బాగుంది సార్. చల్లగా ఉంది. అల్లం అప్పుడే దంచి వేశారు, అది ఇంకా బాగుంది."

నేను ఆగాను.

"ఒక్కటి చెప్పమంటారా సార్?"

"చెప్పమ్మా."

"ఉప్పు వెయ్యలేదు."